ట్రయల్స్‌లో ఎత్తింది, లిస్టులో పేరు లేదు: అప్పీలు సంగతి

తమ్ముడూ, నువ్వు రాసింది క్లుప్తంగా ఇది. మీది ఒడిశా గంజాం జిల్లాలో పాత్రపూర్ వైపు పల్లె. చెల్లెలికి 19 ఏళ్లు, 53 కిలోల విభాగంలో బరువులెత్తుతుంది. జాతీయ జూనియర్ జట్టు ట్రయల్స్‌లో స్నాచ్ (ఒక్క ఊపులో తల మీదికి ఎత్తడం) 76, క్లీన్ అండ్ జర్క్ (ముందు భుజాల దాకా, తర్వాత తల మీదికి ఎత్తడం) 95, మొత్తం 171 కిలోలు ఎత్తింది. అదే విభాగంలో 169 ఎత్తిన అమ్మాయి పేరు లిస్టులో ఉంది, మీ చెల్లి పేరు లేదు. అడిగితే, ఆ అమ్మాయి జాతీయ పోటీల్లో (నేషనల్స్) 174 ఎత్తిందని ఫోన్లో ఎవరో అన్నారు. లిస్టు సోమవారం వచ్చింది, నువ్వు రాసింది గురువారం రాత్రి. "కోర్టుకెళ్తే గెలుస్తామా మాస్టారూ, లేకపోతే పిల్ల భవిష్యత్తు పాడవుతుందా" అని అడిగావు.

అందులో రెండు సంగతులు లేవు. ఎంట్రీలు, అంటే పోటీకి జట్టు పేర్లు పంపడం, ఏ రోజుతో ముగుస్తాయి? సెలెక్షన్ పద్ధతి అని ఫెడరేషన్ (ఈ ఆటను నడిపే జాతీయ సంఘం) వేసిన కాగితంలో ఏముంది? ఈ రెండూ తెలియకుండా గెలుస్తారనో ఓడిపోతారనో ఎవరు చెప్పినా నమ్మకు. నేనూ చెప్పను. అవి ఎలా కనుక్కోవాలో, కనుక్కున్నాక ఏం చేయాలో మాత్రం వివరంగా చెబుతాను. ఈ పనిలో నేను దెబ్బతిన్నవాణ్ని, ఒకసారి నెగ్గినవాణ్ని కూడా. బరంపురంలో ముప్పై ఏళ్లు పిల్లలకు ఈ విద్య నేర్పాను, నాలుగేళ్లు సెలెక్షన్ కమిటీలో కూర్చున్నాను.

మొదట మనసులో పెట్టుకోవాల్సింది: కోర్టు గానీ అప్పీలు కమిటీ గానీ మీ చెల్లి బలమెంత, ఆ అమ్మాయి బలమెంత అని తూచదు. అది ఆట తెలిసినవాళ్ల పని అని జడ్జీలు ఎప్పటినుంచో అంటూనే ఉన్నారు. వాళ్లు చూసేది ఒక్కటే. మీరు ముందుగా రాసుకున్న నియమం ఉంది కదా, దాని ప్రకారమే నడిచారా లేదా? నియమం తప్పారని, ఒకరికి ఒకలా ఇంకొకరికి ఇంకొకలా వర్తింపజేశారని, కమిటీలో కూర్చున్నవాడు తన మనిషినే ఎంచుకున్నాడని కాగితం మీద చూపగలిగితే తలుపు తెరుచుకుంటుంది. "మా పిల్ల బాగా ఎత్తుతుంది సార్" అంటే తెరుచుకోదు.

2016 నాటి సుశీల్ కుమార్ కేసు గుర్తుందా? 2008 బీజింగ్‌లో కాంస్యం, 2012 లండన్‌లో రజతం తెచ్చిన మల్లయోధుడు. రియో ఒలింపిక్స్‌కి 74 కిలోల విభాగంలో నర్సింగ్ యాదవ్‌ను పంపుతున్నారు, మా ఇద్దరికీ ట్రయల్ పెట్టండి అని ఢిల్లీ హైకోర్టుకెళ్లాడు. ఆ విభాగంలో దేశానికి స్థానం తెచ్చింది నర్సింగ్, 2015 ప్రపంచ పోటీల్లో కాంస్యం గెలిచి. రెండు ఒలింపిక్ పతకాలున్న మనిషి పిటిషన్‌ను కూడా 2016 జూన్‌లో కోర్టు కొట్టేసింది. పేరూ పతకాలూ అక్కడ లెక్కకు రాలేదు. కాబట్టి పాత్రపూర్ పిల్ల అని భయపడక్కర్లేదు. ఎంత పెద్దవాడికైనా అక్కడ పని చేసేది కాగితమే, మన పిల్లకైనా అదే.

ఇక మీ విషయం. ఫెడరేషన్ వెబ్‌సైటులోనో, రాష్ట్ర సంఘానికి వచ్చిన సర్క్యులర్‌లోనో ట్రయల్స్ ప్రకటన ఉంటుంది. దాన్ని వాట్సాప్‌లో ఎవరో పంపిన ఫొటోగా కాకుండా మొత్తం పేజీలతో సంపాదించు. అందులో "ఎంపికకు ప్రాతిపదిక" అన్న ముక్క వెతుకు. "ఈ ట్రయల్స్ ఫలితమే ప్రాతిపదిక" అని ఉంటే మీ చెల్లి 171, ఆ అమ్మాయి 169, మీ చేతిలో గట్టి కేసు ఉన్నట్టే. "నేషనల్స్, ట్రయల్స్ రెండింటిలో మెరుగైన మొత్తం" అని ఉంటే ఆ అమ్మాయి 174 నిలబడుతుంది. అప్పుడు అప్పీలుకు వెళ్లొద్దని నేనే చెబుతాను. ఎంత బాధైనా సరే, ఆ అమ్మాయి నియమం ప్రకారమే ఎంపికైంది. మూడో రకం కూడా ఉంటుంది, చిక్కంతా దానితోనే. "పతకం అవకాశాన్ని బట్టి కమిటీ నిర్ణయిస్తుంది" అని రాసుకుంటారు. అలా ఉంటే కమిటీ ఏ కారణం చూపిందో తెలియడానికి మినిట్స్, అంటే సమావేశంలో ఏం మాట్లాడారో రాసుకున్న కాగితం, అడగాలి. కారణమే రాయకపోతే అది మీ బలం. రాస్తే అది అందరికీ ఒకేలా వర్తించిందా అని చూడాలి.

ఇంకో సంగతి, బయటివాళ్లకు తట్టదు. మన ఆటలో ఒక దేశం తీసుకెళ్లగలిగే మనుషుల సంఖ్యకు పరిమితి ఉంటుంది. అందుకని కొన్ని పోటీలకు విభాగాల వారీగా కాక, ఎవరు ఎత్తింది నిర్ణీత ప్రమాణంలో ఎంత శాతమో లెక్కగట్టి అన్ని విభాగాలనూ ఒకే వరసలో పెడతారు. అలాంటప్పుడు మీ చెల్లికి పోటీ 53 కిలోల అమ్మాయితోనే కాకపోవచ్చు, 69 కిలోల అమ్మాయితోనో 77 కిలోల అమ్మాయితోనో కావచ్చు. లిస్టు మొత్తం దగ్గర పెట్టుకుని లెక్క చూడకుండా ఒక్క పేరు పట్టుకుని పోరాడితే అవతలివాళ్లు ఒక్క మాటతో పక్కకు తోసేస్తారు.

ఇప్పుడు తేదీ సంగతి. అన్నిటికన్నా గట్టిగా చెప్పదల్చుకున్నది ఇదే.

2017 జులైలో భువనేశ్వర్ కళింగ స్టేడియంలో ఆసియా అథ్లెటిక్స్ జరిగాయి. కేరళ పాలక్కాడ్ అమ్మాయి పి.యు.చిత్ర 1500 మీటర్లలో బంగారు పతకం గెలిచింది. ఆసియా విజేత కాబట్టి ఆగస్టులో లండన్‌లో జరిగే ప్రపంచ పోటీలకు అర్హత వచ్చింది. అయినా మన జట్టులో ఆమె పేరు లేదు. ఆమె స్థాయి అక్కడికి సరిపోదన్నారు. ఆమె కేరళ హైకోర్టుకెళ్లింది. ఆమెను జట్టులో చేర్చండని కోర్టు ఆదేశించింది కూడా. కానీ ఎంట్రీల గడువు జులై 24తోనే ముగిసింది, కోర్టు ఆదేశం ఆ తర్వాత వచ్చింది. మన ఫెడరేషన్ రాసిన ఉత్తరాన్ని అంతర్జాతీయ సమాఖ్య ఒప్పుకోలేదు. కోర్టులో గెలిచింది, లండన్‌లో పరుగెత్తలేదు. మన దేశపు కోర్టు ఆదేశం మన ఫెడరేషన్‌ను కట్టిపడేస్తుంది. వేరే దేశంలో కూర్చున్న అంతర్జాతీయ సమాఖ్యను కాదు. వాళ్ల తలుపు మూసుకున్నాక మన చేతిలో తీర్పు ఉండి కూడా ఉపయోగం లేదు.

నాదీ అలాంటి అనుభవమే, కాకపోతే తప్పు నాది. చాలా ఏళ్ల కిందట నా దగ్గర పట్టు మగ్గం నేసే ఇంటి కుర్రాడు ఒకడుండేవాడు. ట్రయల్స్‌లో మొదటివాడు. లిస్టులో పేరు రాలేదు. పెద్దవాళ్లతో మాట్లాడితే సర్దుకుంటుందనుకున్నాను. మొదటి వారం ఫోన్లతో గడిచింది. రెండో వారం అప్పడాల కట్టా ఊరగాయ జాడీ సంచిలో పెట్టుకుని, పొద్దున్నే రైలెక్కి, ఒక పెద్దమనిషి ఇంటి వరండాలో మూడు గంటలు కూర్చున్నాను. "చూద్దాం మాస్టారూ, మీరు కంగారు పడకండి" అన్నాడు. ఆ మాట పట్టుకుని తిరిగొచ్చాను. మూడో వారం వకీలు దగ్గరికెళ్లాం. పిటిషన్‌కు నంబరు పడేనాటికి జట్టు విమానం ఎక్కేసింది. ఇక తేల్చడానికేమీ మిగల్లేదని కోర్టు ఆ పిటిషన్ మూసేసింది. కాగితాలన్నీ మా వైపే ఉన్నాయి. ఆ కుర్రాడు మరుసటి ఏడు సూరత్ పవర్‌లూముల్లో పనికెళ్లిపోయాడు, మన జిల్లాలో ఎంతోమంది కుర్రాళ్లు వెళ్లినట్టే. ఇప్పటికీ ఠాకురాణీ జాతరకు వస్తే మా ఇంటికొచ్చి కాళ్లకు దండం పెడతాడు. నన్నొక్క మాట అనడు. అనకపోవడమే నాకు బాధ.

అందుకే నిన్ను పదే పదే అడుగుతున్నాను, ఎంట్రీల తేదీ ఏది? సాధారణంగా రెండు దశలుంటాయి. ముందు ప్రాథమిక ఎంట్రీ, తర్వాత తుది ఎంట్రీ. ప్రాథమిక జాబితాలో పేరుంటే తుది జాబితాలోకి మార్చడం తేలిక. అందులోనే లేకపోతే చాలా కష్టం. కాబట్టి రేపు పొద్దున రాష్ట్ర సంఘం కార్యదర్శిని నువ్వు అడగాల్సిన మొదటి ప్రశ్న "ఎందుకు తీసేశారు" కాదు. "ప్రాథమిక ఎంట్రీలో మా చెల్లి పేరుందా? తుది ఎంట్రీ ఎప్పుడు?" ఈ రెండు ప్రశ్నలు మర్యాదగా ఈమెయిల్లో అడుగు. ఫోన్లో విన్న జవాబు రేపు ఎవరూ ఒప్పుకోరు. నేషనల్స్‌లో 174 అని ఫోన్లో చెప్పిన మనిషి ఎవరో నీకే తెలియదు, చూశావా!

కాగితాలు ఎలా పనికొస్తాయో ఒకటి దగ్గరగా చూపిస్తాను. ట్రయల్స్ జరిగేటప్పుడు మార్షల్ (ఎవరు ఎంత ఎత్తుతారో రాసుకునే అధికారి) బల్ల మీద ఒక్కో లిఫ్టర్‌కు ఒక్కో అటెంప్ట్ కార్డు ఉంటుంది. పేరు, శరీర బరువు, లాటు (చీటీల్లో వచ్చిన) నంబరు పైన. కింద స్నాచ్‌కు మూడు గళ్లు, జర్క్‌కు మూడు గళ్లు. కోచ్ వెళ్లి తర్వాతి బరువు రాసి, పక్కన పొట్టి సంతకం పెడతాడు. బరువు మార్చుకుంటే పాతది కొట్టేసి పక్క గడిలో మళ్లీ రాసి మళ్లీ సంతకం. హడావుడిలో ఎవరూ పట్టించుకోని అట్టముక్క అది. నా శిష్యురాలు ఒకమ్మాయికి టైపు చేసిన ఫలితాల షీటులో చివరి జర్క్ 92 బదులు 82 అని పడింది. పది కిలోలు పోయాయి, దాంతో ర్యాంకు పోయింది, పేరూ పోయింది. ఆ రోజు అమ్మాయి తమ్ముడు సరదాగా ఫోన్లో అక్క కార్డును ఫొటో తీశాడు, 92 పక్కన నా సంతకంతో. లిస్టు వచ్చిన రెండో రోజే ఆ ఫొటో, ఆమె లిఫ్టు వీడియో జతచేసి ఈమెయిలు పెట్టాం. లిఫ్టు చెల్లిందని చెప్పే మూడు లైట్లూ తెల్లగా వెలగడం వీడియోలో కనబడుతోంది. అయిదో రోజుకు సవరించిన లిస్టు వచ్చింది. వకీలు లేడు, కోర్టు లేదు, ఎవరి వరండాలోనూ కూర్చోలేదు. మీ దగ్గర కార్డు ఫొటో ఉందా? లేకపోతే ఆ రోజు అక్కడున్న మిగతా పిల్లల ఫోన్లలో వెతికించు. ఫలితాల షీటు సంతకాలతో ఉన్న కాపీ అడుగు. బరువు తూచినప్పటి షీటు కూడా.

మనలాంటి సరిహద్దు మనుషులకు మాత్రమే వచ్చే తంటా ఒకటుంది. దీని గురించి ఎవరూ రాయరు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఫెడరేషన్‌తో ఇంగ్లీషు. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఇక్కడి బడిలో దాన్ని చివరకు తోస్తారు. ఆధార్‌లో ఒకలా, మెట్రిక్ సర్టిఫికెట్‌లో ఒకలా, పాస్‌పోర్టులో ఇంకొకలా అక్షరాలు పడతాయి. పేరు మధ్యలో "కుమారి" ఒకదాంట్లో ఉంటుంది, ఇంకోదాంట్లో ఉండదు. నేను కమిటీలో ఉన్నప్పుడు ఇలాంటి తేడా వల్ల "పత్రాలు సరిపోలేదు" అని పక్కన పెట్టిన పేర్లు చూశాను. అందులో తెలుగింటి పిల్లలవి ఎక్కువ. వాళ్లకు ఎవరూ కారణం చెప్పరు. ఆ పిల్లలు తాము చేతకాక ఉండిపోయామనుకుంటారు.

రెండోది, ఏ రాష్ట్రం తరఫున ఆడారన్నది. ఇచ్ఛాపురం పిల్లలు బరంపురం వచ్చి సాధన చేస్తారు, మన పిల్లలు పలాస, కాశీబుగ్గలో మేనమామల ఇంట్లో ఉండి చదువుకుంటారు. ఒక ఏడు అక్కడి జిల్లా పోటీలో, మరుసటి ఏడు ఇక్కడి రాష్ట్ర పోటీలో పేరిస్తారు. రాష్ట్రం మారినప్పుడు పాత సంఘం నుంచి అభ్యంతరం లేదనే కాగితం తీసుకోకపోతే, సరిగ్గా జాతీయ జట్టు దగ్గరికొచ్చాక ఎవరో ఒకరు ఆ పాత పోటీ బయటికి తీస్తారు. మీ చెల్లి ఎప్పుడైనా ఆంధ్ర తరఫున ఏదైనా పోటీలో పాల్గొందా? పాల్గొంటే దాచకు, వకీలుకు మొదటి రోజే చెప్పు. పేరు తేడా ఉంటే, ఫలానా రెండు పేర్లూ ఒకే మనిషివని నోటరీ దగ్గర అఫిడవిట్ చేయించు. బరంపురం కోర్టు బయట టైపిస్టులు ఒక పూటలో చేసిస్తారు. ఈమెయిలుకు అదీ జత చెయ్.

ఇక ఉత్తరం. సెలెక్టర్‌గా నేను చదివిన ఉత్తరాల్లో పదికి తొమ్మిది ఇలా ఉండేవి: "మాది పేద కుటుంబం, పిల్ల రాత్రింబవళ్లు కష్టపడింది, దయచేసి అవకాశం ఇవ్వండి." చదివి అందరం అయ్యో అనుకునేవాళ్లం, ఫైల్లో పెట్టేవాళ్లం. దానికి జవాబివ్వాల్సిన అవసరం ఎవరికీ ఉండదు. ఒక్కటి మాత్రం వచ్చిన రోజున గదిలో మాటలు ఆగిపోయాయి, అధ్యక్షుడు నియమాల పుస్తకం తెప్పించాడు. అందులో దయ అనే మాట లేదు. నువ్వు ఈ తీరుగా రాయించు, మీ చెల్లి పేరుతో, ఆమె సంతకంతో: "ఫలానా తేదీ ట్రయల్స్‌లో 53 కిలోల విభాగంలో నా మొత్తం 171. ఫలానా తేదీన మీరు ప్రకటించిన పద్ధతిలో ఫలానా అంశం ప్రకారం ట్రయల్స్ ఫలితమే ప్రాతిపదిక. ఎంపికైన క్రీడాకారిణి మొత్తం ఆ రోజున 169. ఏ అంశం ప్రకారం నన్ను ఎంపిక చేయలేదో కమిటీ మినిట్స్ కాపీతో 48 గంటల్లో తెలపండి. తుది ఎంట్రీ గడువులోపు ఈ అప్పీలు తేల్చండి. అది తేలేవరకు నా పేరును రిజర్వుగా ఎంట్రీలో ఉంచండి." ఆ ఆఖరి వాక్యం మరిచిపోవద్దు. వాళ్లు దానికి ఒప్పుకుంటే తేదీతో పరుగుపందెం సగం తప్పుతుంది. ఒప్పుకోకపోతే, అడిగినా కాదన్నారని కోర్టుకు చూపడానికి కాగితం ఉంటుంది.

ఇది ఫెడరేషన్ అధ్యక్షుడికి, కార్యదర్శికి పంపు. కాపీలు రాష్ట్ర సంఘానికి, కేంద్ర క్రీడా మంత్రిత్వ శాఖకు, స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియాకు. గుర్తింపు పొందిన ఫెడరేషన్లు ఆటగాళ్ల ఫిర్యాదులు వినే ఏర్పాటు పెట్టుకోవాలని 2011 నాటి జాతీయ క్రీడా కోడ్ చెప్పింది. ఆ మెట్టు ఎక్కకుండా నేరుగా కోర్టుకెళ్తే "ముందు అక్కడ అడిగావా" అన్నదే మొదటి ప్రశ్న అవుతుంది. సమాచార హక్కు దరఖాస్తు కూడా పెట్టొచ్చు. ప్రభుత్వం నుంచి 10 లక్షలకు పైగా గ్రాంటు తీసుకునే ఫెడరేషన్లు ఆ చట్టం కిందికొస్తాయని 2010లోనే కేంద్రం చెప్పింది. కానీ జవాబుకు 30 రోజుల గడువుంటుంది. ఈసారికి పనికిరాదు, వచ్చే ఏడుకు పనికొస్తుంది. పెట్టి వదిలెయ్, దాని కోసం ఎదురుచూడకు.

48 గంటల్లో జవాబు రాకపోతే వకీలు. ఫెడరేషన్ ప్రభుత్వ శాఖ కాకపోయినా, దేశం పేరుతో జట్టును ఎంపిక చేయడం ప్రజలకు సంబంధించిన పని కాబట్టి రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టులో రిట్ (అధికారం సరిగ్గా వాడారో లేదో చూడమనే పిటిషన్) వేయవచ్చు. క్రికెట్ బోర్డు విషయంలో 2005లో సుప్రీంకోర్టు ఈ మాటే తేల్చింది. ఏ హైకోర్టు? చాలామంది ఢిల్లీకి పరుగెత్తుతారు, ఫెడరేషన్ల ఆఫీసులు ఎక్కువగా అక్కడుంటాయని. వివాదంలో కొంత భాగమైనా ఇక్కడ జరిగితే కటక్‌లోని ఒరిస్సా హైకోర్టులోనూ వేయవచ్చు. చిత్ర కేరళలోనే వేసింది కదా. అయితే ఎదుటివాళ్లు "ఇది ఈ కోర్టు పరిధి కాదు" అని వాదిస్తే రెండు మూడు వాయిదాలు దానికే పోతాయి. గడువు మరీ దగ్గరగా ఉంటే నేనైతే ఢిల్లీయే ఎంచుకుంటాను. ఇదే ఇబ్బంది మహారాష్ట్ర వైపు సిరోంచ తెలుగువాళ్లకొస్తే వాళ్లకు నాగపూర్ బెంచి, నాందేడ్ వాళ్లకు ఔరంగాబాద్ బెంచి.

2025 ఆగస్టులో పార్లమెంటు జాతీయ క్రీడా పాలన చట్టం చేసింది. అందులో క్రీడా వివాదాల కోసం జాతీయ ట్రిబ్యునల్ ఉంది. దాని తీర్పు మీద సుప్రీంకోర్టుకు 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. వకీలును కలిసిన వెంటనే "ఈ రోజున ట్రిబ్యునల్ పిటిషన్లు తీసుకుంటోందా, మనది అక్కడ వేయాలా హైకోర్టులోనా" అని అడుగు. తప్పు గుమ్మం తట్టి వారం పోగొట్టుకోవద్దు.

స్విట్జర్లాండ్‌లోని క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం గురించి కూడా అడిగావు, ద్యుతీ చంద్ వెళ్లింది కదా అని. మన జాజ్‌పూర్ అమ్మాయి. 2014లో హార్మోన్ల నియమం పేరుతో కామన్వెల్త్ జట్టు నుంచి తప్పించారు. అక్కడికెళ్లి పోరాడి 2015 జులైలో ఆ నియమాన్నే నిలిపివేయించింది, 2016లో రియోలో పరుగెత్తింది. గొప్ప పోరాటం, అయితే అది అంతర్జాతీయ సమాఖ్య నియమం మీద. మన దేశంలో ఎవరిని ఎంచాలన్న గొడవ అక్కడికి వెళ్లాలంటే మీ ఫెడరేషన్ నిబంధనల్లో అందుకు వీలు రాసి ఉండాలి. లేకపోతే ఆ దారి వదిలెయ్.

డబ్బు గురించి నువ్వు అడగలేదు గానీ, అడగలేక ఊరుకున్నావని నాకు తెలుసు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. మీ చెల్లికి ఆ హక్కుంది. బరంపురం కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు. హైకోర్టులో కేసయితే అక్కడి న్యాయ సేవల కమిటీకి పంపిస్తారు. "తేదీ దాటిపోతుంది" అని దరఖాస్తు పైనే పెద్దక్షరాలతో రాయించు.

ఇంకో మాట చెప్పాలి, నీకు నచ్చకపోయినా. పిటిషన్ వేస్తే ఎంపికైన ఆ అమ్మాయిని కూడా ప్రతివాదిగా చేర్చాలి. ఆమె స్థానం పోయే అవకాశం ఉంది కాబట్టి ఆమె మాట వినకుండా కోర్టు తేల్చదు. 2022లో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల టేబుల్ టెన్నిస్ జట్టులో పేరు లేదని దియా చితాలే కోర్టుకెళ్లాక లిస్టు మారింది, ఆమె పేరు చేరింది. ఆ మార్పులో పేరు పోయిన అర్చన కామత్ కూడా కోర్టుకెళ్లింది, ఆమెకు ఊరట దొరకలేదు. మనం గెలిచిన రోజున ఇంకో ఇంట్లో ఇంకో అమ్మాయి ఏడుస్తుంది. ఆ అమ్మాయి మీ చెల్లితో రేపు ఒకే క్యాంపులో ఒకే ప్లాట్‌ఫాం మీద సాధన చేయాల్సినది. ఆమె ఏ తప్పూ చేయలేదు. కాబట్టి ఫేస్‌బుక్‌లో ఆమె పేరు పెట్టి నువ్వు రాసిన పోస్టు ఈ రాత్రే తీసెయ్. మీ కేసుకూ అది చేటే, మనిషిగా కూడా సరికాదు.

ఇక "పిల్ల భవిష్యత్తు పాడవుతుందా" అన్నది. పగబడతారన్న భయం ఊరికే పుట్టింది కాదు, నేను కాదనను. కానీ నిజామాబాద్ అమ్మాయి, బాక్సర్ నిఖత్ జరీన్‌ను చూడు. 2019లో ఒలింపిక్ అర్హత పోటీలకు మేరీకోమ్‌తో ట్రయల్ పెట్టాలని బహిరంగంగా అడిగింది, కేంద్ర మంత్రికి ఉత్తరం రాసింది. ఎన్ని మాటలన్నారో! డిసెంబరులో ట్రయల్ జరిగింది, 9-1తో ఓడిపోయింది. 2022లో ప్రపంచ విజేత అయింది, 2023లో మళ్లీ అయింది. ఆమె అడిగింది ఎవరి స్థానమో లాక్కోవడం కాదు, నియమం ప్రకారం రింగులోకి దిగే అవకాశం. అడిగే తీరు అలా ఉంటే పగ నిలబడదు.

స్టాండ్‌బైగా, అంటే ఎవరైనా తప్పుకుంటే పంపేలా, ఉంచుతామంటే కోపంతో కాదనొద్దు. 2023లో ఆసియా క్రీడలకు మల్లయోధులు వినేశ్, బజరంగ్‌లకు ట్రయల్స్ నుంచి మినహాయింపు ఇచ్చారని తోటి మల్లయోధులు అంతిమ్ పంఘాల్, సుజీత్ ఢిల్లీ హైకోర్టుకెళ్తే జులైలో కొట్టేశారు. అంతిమ్ 53 కిలోల ట్రయల్స్ గెలిచి స్టాండ్‌బైగా ఉంది. సాధన ఆపలేదు. తర్వాత వినేశ్ మోకాలి గాయంతో తప్పుకుంది, అంతిమ్ హాంగ్‌ఝౌ వెళ్లి కాంస్యం తెచ్చింది. కోర్టులో ఓడిన పిల్ల పతకంతో తిరిగొచ్చింది.

మన బరంపురం కుర్రాడు కటులు రవికుమార్ 2010లో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో బంగారం గెలిచినప్పటి నుంచి మా జిమ్‌కు పొద్దున్నే వచ్చే పిల్లల్లో మీ ఊళ్ల వైపు పిల్లలు పెరిగారు. వాళ్లలో సగంమందికి ట్రయల్స్ ప్రకటన అని ఒక కాగితం ఉంటుందని కూడా తెలియదు. అందుకే ఇంత పొడుగ్గా రాశాను.

ఈ కాగితాల పని నీది. చెల్లిని ఇందులోకి లాగకు, సంతకానికి తప్ప. ఆమెకు రేపు పొద్దున ఎప్పటిలాగే స్క్వాట్లు ఉన్నాయి. శరీర బరువు 53 దాటనివ్వద్దని చెప్పు, ఏడుస్తూ అన్నం మానేయనివ్వకు కూడా. నువ్వు పొద్దున పదింటికల్లా ట్రయల్స్ ప్రకటన, ఫలితాల షీటు, ఆధార్, మెట్రిక్ సర్టిఫికెట్ నాలుగూ జిరాక్సు తీయించి ఉంచు. సర్క్యులర్‌లో ప్రాతిపదిక ఏముందో, తుది ఎంట్రీ తేదీ ఏదో తెలియగానే ఇక్కడే రాయి. నేను మధ్యాహ్నం చూస్తాను.